నీలి అచ్చులు – 3వ పాఠం: ఎండ వేడితో పని లేదు

పోయిన పాఠంలో కాగితానికి ఎండ తగిలితే నీలం తిరిగే మందు పూశాం: ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేటు, పొటాషియం ఫెర్రిసయనైడ్ కలిపింది. బరంపురం, పర్లాకిమిడి పాఠకుల ఫిర్యాదు ఒకటే: ఎండకి పెట్టకముందే కాగితం నీలం తిరిగిపోయింది. ఎక్కడ ఆరబెట్టారో చూసుకోండి. కిటికీ పక్కన, ట్యూబ్‌లైటు కింద ఆరబెడితే అంతే. పసుపు బల్బు ఒక్కటే వెలిగే గదిలో, ఫ్యాన్ గాలికి పూర్తిగా ఆరాలి. సముద్రపు తేమకి సగం ఆరిన కాగితం ఊరికే పాడవుతుంది. పూసిన రోజే వాడేయండి. ఆరాక రంగు లేత పసుపు-ఆకుపచ్చగా ఉండాలి. సిట్రేటు సీసాలో బూజు తేలితే గుడ్డలో వడకట్టండి, పారబోయక్కర్లేదు.

ఒళ్లు మండే సంగతి ఇంకోటుంది. తొందరగా అవుతుందని రేకుల మీద పెట్టారట, ఒకరైతే పొయ్యి పక్కన! ఈ కాగితానికి కావలసింది అతినీలలోహిత కాంతి. 365 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న కాంతికణం ఒక్కోటి దాదాపు 3.4 ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తికి కొలత) శక్తి తెస్తుంది. మందులోని ఫెర్రిక్ అయాన్ (ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుము) దాన్ని మింగి, సిట్రేటు నుంచి ఒక ఎలక్ట్రాన్ లాక్కుని ఫెర్రస్ అవుతుంది. అది ఫెర్రిసయనైడ్‌తో కలిస్తే ప్రష్యన్ నీలం, అదే మన అచ్చు రంగు. 700 నానోమీటర్ల ఎర్ర కణం తెచ్చేది 1.8 మాత్రమే. కాలిన రేకు వెదజల్లే పరారుణం (వేడి కిరణాలు) అయితే 0.1 చుట్టుపక్కల. ఈ చిల్లర ఎంత పోగేసినా లాభం లేదు, అయాన్ ఒకసారికి ఒక కణాన్నే మింగుతుంది కాబట్టి. మే నెలలో రాయగడ సాయంత్రం ఆరింటికి ఉక్కతో చంపుతుంది, కాగితం మాత్రం కదలదు. కోరాపుట్ కొండ మీద డిసెంబరు మధ్యాహ్నం ఒంటికి వేడే తెలియదు, అచ్చు చక్కగా పడుతుంది. వేడి, తేమ కలిస్తే కాగితమంతా మసకబారుతుంది, బొమ్మ మాత్రం రాదు.

నీలం కనబడగానే తీసేయకండి, కడిగితే పోతుంది. ఎండ తగిలిన చోటు బూడిదరంగుకి తిరగాలి. పసుపు వదిలేదాకా పది నిమిషాలు కడగండి. బోరు నీళ్లు ఉప్పగా, గరుకుగా ఉంటే లీటరుకి అర నిమ్మచెక్క పిండండి; క్షారం నీలాన్ని తినేస్తుంది. సబ్బు, చాకలిసోడా దగ్గరికి రానివ్వద్దు. బాత్‌రూము యాసిడ్ ఫెర్రిసయనైడ్‌కి తగలనే కూడదు, విషవాయువు పుడుతుంది.

అభ్యాసం: ఒక పట్టీ మీద అట్టముక్కని రెండు నిమిషాలకోసారి జరుపుతూ ఏడు మెట్లు వేయండి. పొద్దున 8కి, మధ్యాహ్నం 12కి, 3కి మూడు పట్టీలు. నాలుగోది 12కే, అల్యూమినియం రేకులో పూర్తిగా చుట్టి, 12 గంటల పట్టీ పక్కనే అదే ఎండలో. నాలుగూ ఒకే నీళ్లలో కడిగి, ఆరాక వరసగా పెట్టి, ఏ పట్టీలో ఎన్నో మెట్టు దగ్గర నీలం ఇక ముదరడం ఆగిందో రాసుకోండి.