రవెన్నాలో మెడ నొప్పి లేకుండా మొజాయిక్ చూడాలంటే

ఇటలీలోని రవెన్నాలో నియోనియన్ బాప్టిస్టరీకి (బాప్తిస్మం ఇవ్వడానికి కట్టిన మందిరం) వెళ్తే అసలు మొజాయిక్, అంటే చిన్న రంగు ముక్కలు అతికించి చేసిన బొమ్మ, నెత్తి మీదే ఉంటుంది: గోపురం నడుమ యేసు బాప్తిస్మం, చుట్టూ 12 మంది అపొస్తలులు. లోపల ఉండనిచ్చేది కాసేపే, అందులో సగం మెడ నిమురుకోవడానికే సరిపోతుంది.

అరచేతంత అద్దం జేబులో వేసుకెళ్లండి. మధ్యలోని బాప్తిస్మపు తొట్టికి కాస్త పక్కగా నిలబడి, అద్దాన్ని నడుము ఎత్తులో వెల్లకిలా పట్టుకుని అందులోకి చూడండి. మెల్లగా తిప్పుతుంటే అపొస్తలులు ఒక్కొక్కరే వస్తారు. నడిమి బొమ్మలో నీళ్లలోంచి పైకి లేచిన ముసలాయన మనిషి రూపంలో చూపిన జోర్డాన్ నది, నాకైతే ఆయనే నచ్చాడు. ఫోను సెల్ఫీ కెమెరాతోనూ చూశాను గానీ ఆ మసక వెలుగులో బొమ్మ చుక్కలు చుక్కలుగా వచ్చింది.

అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయి, అపొస్తలుల పేర్లు తిరగబడి కనిపిస్తాయి. పేర్లు చదవాలంటే మాత్రం తల ఎత్తక తప్పదు. మబ్బు పట్టిన సాయంత్రం అద్దమూ పనిచేయదు, పొద్దున వెళ్లండి.

టికెట్ కొనేటప్పుడే ప్రవేశ సమయం కూడా ఎంచుకోండి. ఇదే ఊళ్లోని ఏరియన్ బాప్టిస్టరీ వేరు, ఈ టికెట్ అక్కడ చెల్లదు.