స్పోర్ట్స్ కారు కొనేముందు: లభ్యత, ధర, వేగాలను పోల్చే పద్ధతి

స్పోర్ట్స్ కార్లను పోల్చేవారు సాధారణంగా గరిష్ఠ వేగంతో మొదలుపెట్టి, ధర దగ్గర కాసేపు ఆగి, లభ్యతను చివర్లో ఒక మాటగా అనేసి వదిలేస్తారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి నిజంగా కొనదలచిన వారికి ఈ వరుస తలకిందులుగా ఉండాలి. మన దేశంలో రిజిస్టర్ కాని కారు ఎంత వేగంగా వెళ్లినా దాన్ని పోలికలోకి లాగడం వృథా. అందువల్ల ముందు లభ్యతతో జాబితాను కుదించి, మిగిలినవాటికి ధర లెక్కగట్టి, ఆ తరువాతే వేగం సంగతి చూడడం మేలు.

లభ్యత విషయంలో మొదటి జల్లెడ స్టీరింగ్. మన దిగుమతి నిబంధనల ప్రకారం కారుకు స్టీరింగ్ కుడివైపు ఉండాలి. ఎడమ స్టీరింగ్‌తో మాత్రమే తయారయ్యే నమూనాలు ఇక్కడితోనే జాబితా నుంచి తప్పుకుంటాయి. రెండవది, ఆ కారు ఇంకా తయారవుతోందా అన్నది. ఆడి ఆర్8, లాంబోర్గిని హురకాన్ 2024లోనూ, నిస్సాన్ జీటీ-ఆర్ 2025లోనూ ఉత్పత్తి ముగించుకున్నాయి కనుక వాటిని పాత కార్ల మార్కెట్ ధరలతోనే పోల్చాలి తప్ప అప్పటి షోరూమ్ ధరతో కాదు. విదేశం నుంచి వాడిన కారును తెప్పించుకోవాలంటే అది మూడేళ్లకు మించి పాతది కాకూడదు కాబట్టి, ఇక్కడే రిజిస్టరై ఉన్న కారును వెతుక్కోవడమే సులువు.

మూడవది అలొకేషన్. పరిమిత సంఖ్యలో చేసే కార్లకు డబ్బు సిద్ధంగా ఉన్నంత మాత్రాన సరిపోదు, కంపెనీయే కొనుగోలుదారును ఎంచుకుంటుంది. 2016లో ఫోర్డ్ జీటీ తొలి 500 కార్లకు 6,506 దరఖాస్తులు వచ్చాయి. కారు దక్కినవారు రెండేళ్లపాటు దాన్ని అమ్మకూడదన్న షరతుకు ఒప్పుకోవలసి వచ్చింది. ఇలాంటి కార్ల విషయంలో జాబితా ధరకు అర్థం దాదాపుగా ఉండదు. ఇక సర్వీసు: లాంబోర్గినికి దేశంలో ఢిల్లీ, ముంబై, బెంగళూరుల్లోనే షోరూమ్‌లున్నాయి. హైదరాబాద్ యజమాని పెద్ద మరమ్మతు వస్తే కారును ఫ్లాట్‌బెడ్ లారీ ఎక్కించాల్సిందేనా, లేక మెకానిక్‌నే ఇంటికి పంపుతారా, రవాణా ఖర్చు ఎవరిది అన్నవి బుకింగ్ సొమ్ము కట్టకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. నా దృష్టిలో ఈ ఒక్క జవాబు, పదిహేను అశ్వశక్తుల తేడా కంటే విలువైనది.

ధరకు వస్తే, విదేశీ వెబ్‌సైట్‌లో కనిపించే అంకెను డాలరు మారకపు రేటుతో గుణించి సంతృప్తిపడడం మనలో చాలామందికి ఉన్న అలవాటు. అసలు లెక్క వేరు. 2025 బడ్జెట్ తరువాత 40,000 డాలర్లు దాటిన పూర్తిగా తయారైన కారుపై 70 శాతం కస్టమ్స్ సుంకం, 40 శాతం వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు కలిపి 110 శాతం పడుతోంది. దానిపైన, 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్లకు వర్తిస్తున్న 40 శాతం జీఎస్‌టీ ఉంది. రవాణా, బీమాలతో కలిపి ఓడరేవుకు చేరేసరికి కోటి రూపాయల విలువైన కారును తీసుకుందాం. సుంకంతో అది 2.10 కోట్లు అవుతుంది. జీఎస్‌టీని అసలు కోటిపై కాక ఈ మొత్తంపై వేస్తారు కనుక మరో 84 లక్షలు చేరి 2.94 కోట్లకు చేరుతుంది. డీలరు లాభం, ఇన్సూరెన్స్, లైఫ్ ట్యాక్స్ ఇంకా బయటే ఉన్నాయి.

ఫ్యాక్టరీలో బిగించే అదనపు హంగులకూ ఇదే లెక్క వర్తిస్తుందని చాలామంది గమనించరు. కంపెనీ వద్ద పది లక్షలు విలువ చేసే సిరామిక్ బ్రేకులు ఇక్కడికి వచ్చేసరికి 29 లక్షలు దాటుతాయి. కాబట్టి రెండు కార్ల ప్రారంభ ధరలను పోల్చడం కాకుండా, మీకు కావలసిన సీట్లు, బ్రేకులు, ముందుభాగాన్ని పైకెత్తే లిఫ్ట్ వ్యవస్థ అన్నీ చేర్చిన కొటేషన్లనే పోల్చాలి. సుంకం రేటు బుకింగ్ రోజుది కాదు, కస్టమ్స్‌లో బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి ప్రకటన పత్రం దాఖలైన రోజున అమల్లో ఉన్నదే వర్తిస్తుంది. బ్రిటన్‌తో 2025 జులైలో కుదిరిన వాణిజ్య ఒప్పందం అక్కడ తయారైన కార్లకు కోటాకు లోబడి సుంకాన్ని అంచెలంచెలుగా తగ్గిస్తుంది కనుక, మెక్‌లారెన్, ఆస్టన్ మార్టిన్ వంటివాటిని ఎంచుకునేవారు రేటు మధ్యలో మారితే ఆ తేడా ఎవరికి చెందుతుందో ఒప్పందంలో రాయించుకోవాలి.

లైఫ్ ట్యాక్స్ రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. తక్కువ పన్ను ఉందని పుదుచ్చేరిలో రిజిస్టర్ చేయించి హైదరాబాద్‌లో తిప్పుదామని సలహా ఇచ్చేవారు ఎప్పుడూ దొరుకుతారు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం, వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు మించి ఉంచిన వాహనానికి అక్కడి నంబరు తీసుకోవాలి, అప్పుడు ఆ రాష్ట్రపు పన్నూ కట్టాలి. పది లక్షలు దాటిన కారుపై వసూలు చేసే ఒక శాతం టీసీఎస్ (అమ్మకం దగ్గరే ముందుగా వసూలు చేసే పన్ను) మాత్రం ఆదాయపు పన్నులో సర్దుబాటు అవుతుంది కనుక దాన్ని ఖర్చుగా లెక్కించనక్కర్లేదు.

ఇప్పుడు వేగం. గరిష్ఠ వేగం గడిని పోలిక పట్టిక నుంచి తీసేయవచ్చన్నది నా అభిప్రాయం. 2019లో జర్మనీలోని ఏరా-లెస్సీన్ ట్రాక్‌పై బుగాటి షిరాన్ గంటకు 490.48 కిలోమీటర్లు అందుకుంది, కానీ ఆ పరుగు ఒకే దిశలో సాగింది. ఆ పరుగు పేరుతో కొనుగోలుదారులకు ఇచ్చిన కార్లను 440 దగ్గర కట్టడి చేశారు. గాలి, వాలు ప్రభావాలు పోవాలంటే రెండు దిశల్లో నడిపి సగటు తీయాలి. 2017లో నెవాడాలో కోనిగ్‌సెగ్ అగేరా ఆర్‌ఎస్ సాధించిన 447.19 అలాంటి అంకె. మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుపై పరిమితి 120.

పికప్ అంకెలను మరింత జాగ్రత్తగా చదవాలి. అమెరికా పత్రికలు ఎక్కువగా గంటకు 60 మైళ్ల వరకు, అంటే 96.6 కిలోమీటర్ల వరకే కొలుస్తాయి. పైగా కారు కదిలిన మొదటి ఒక అడుగు (సుమారు 30 సెంటీమీటర్ల) దూరాన్ని లెక్కలోంచి మినహాయిస్తాయి. ఆ అంకెను యూరప్ వారి 0-100 అంకె పక్కన పెడితే అమెరికా పద్ధతిలో కొలిచిన కారుకు ఉచితంగా కొంత లాభం చేకూరుతుంది.

అంకెలు ఒకే కొలతలో ఉన్నా, ఒక్క అంకెతో తీర్పు చెప్పకూడదు. 2025లో వచ్చిన పోర్షే 911 టర్బో ఎస్, 711 పీఎస్ (మెట్రిక్ అశ్వశక్తి) శక్తితో 100 కిలోమీటర్ల వేగాన్ని 2.5 సెకన్లలో అందుకుంటుంది. మెక్‌లారెన్ 750ఎస్‌కు 2.8 సెకన్లు పడుతుంది. అయితే 200 చేరడానికి పోర్షేకు 8.4 సెకన్లు, మెక్‌లారెన్‌కు 7.2. నాలుగు చక్రాలకూ శక్తి అందే పోర్షే మొదటి క్షణాల్లో నేలను గట్టిగా పట్టుకుంటుంది. ఆ పట్టు అవసరం తీరాక బరువు మాట్లాడుతుంది: పోర్షే 1,725 కిలోలు, మెక్‌లారెన్ 1,389. టన్నుకు చొప్పున చూస్తే మొదటిదానికి సుమారు 412 పీఎస్, రెండవదానికి 540. ఈ భాగహారం మీరే చేసుకోవాలి, కానీ ద్రవాలు నింపని బరువును ప్రకటించే కంపెనీలున్నాయి. ఇదే మెక్‌లారెన్‌కు అలాంటి బరువు 1,277 కిలోలు. రెండు కార్లకూ ఇంధనంతో కూడిన బరువునే తీసుకోండి.

మలుపులున్న చోట కథ మళ్లీ మారుతుంది. జర్మనీలోని 20.832 కిలోమీటర్ల న్యూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్‌ను 510 పీఎస్ ఉన్న 2021 నాటి 911 జీటీ3 దాదాపు 7 నిమిషాల్లో, కచ్చితంగా చెప్పాలంటే 6 నిమిషాల 59.93 సెకన్లలో చుట్టింది. దానికంటే 201 పీఎస్ ఎక్కువున్న పై టర్బో ఎస్‌కు 7 నిమిషాల 3.92 సెకన్లు పట్టింది. ల్యాప్ సమయాలను పోల్చేటప్పుడు ఏ టైర్లు వాడారో తప్పక చూడాలి, ఎందుకంటే జీటీ3 పరుగు ట్రాక్‌కు అనువైన ఐచ్ఛిక టైర్లతో జరిగింది.

జాబితాలో రెండు మూడు కార్లు మిగిలాక టెస్ట్ డ్రైవ్ అడగండి. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు, వీధి చివరి స్పీడ్ బ్రేకర్ ఆ ప్రయాణంలో ఉండేలా పట్టుబట్టండి. లిఫ్ట్ వేసినా అడుగు తగిలే కారైతే, మిగతా అంకెలన్నీ బాగున్నా దాన్ని జాబితా నుంచి కొట్టేయవచ్చు. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుతో నడిపినా వారంటీ చెల్లుతుందా అన్న ప్రశ్నకు జవాబును డీలరు వద్ద కాగితం మీద తీసుకోండి.