తలసీమియా, సికిల్ సెల్ కొత్త మందుల ట్రయల్‌లో చేరాలంటే: నల్లగొండ, పాలమూరు కుటుంబాలు ముందే సిద్ధం చేసుకోవలసినవి

హైదరాబాద్‌లో ట్రయల్ డాక్టరు ముందు కూర్చోగానే వచ్చే ప్రశ్న ఒకటుంది: "గత ఆరు నెలల్లో బిడ్డకు ఎన్నిసార్లు రక్తం ఎక్కించారు? ఎంత ఎక్కించారు?" "నెలకు ఒకటో రెండో బాటిళ్లు సార్" అంటే సరిపోదు. కాగితం లేని రక్తం ట్రయల్ లెక్కలోకి రాదు. అన్ని అర్హతలూ ఉండి కూడా జిల్లా పిల్లలు వెనక్కి రావలసి వచ్చేది ఇక్కడే. అందుకే ఏ ట్రయల్ గురించీ వినకముందే, ఈరోజే ఒక గట్టి అట్ట నోట్‌బుక్ కొనండి.

రక్తం ఎక్కించిన ప్రతిసారీ ఒక్క వరుస రాస్తే చాలు. ఇలా:

12-6. బరువు 21.5 కిలోలు. ఎక్కించకముందు హెచ్‌బీ (హిమోగ్లోబిన్) 8.4. ప్యాక్డ్ సెల్స్ 300 మి.లీ. బ్యాగ్ నంబరు. చలి, దద్దుర్లు ఏమీ లేవు.

"ఒక బ్యాగ్" అని రాసి వదిలేయొద్దు. మన బ్లడ్ బ్యాంకుల్లో 350 మి.లీ. బ్యాగులూ ఉంటాయి, 450వీ ఉంటాయి. వాటి నుంచి వేరు చేసిన ఎర్రకణాల పరిమాణం ఒక్కో బ్యాగులో ఒక్కోలా ఉంటుంది. లేబుల్ మీద ఉన్న మి.లీ. రాయండి. వీలైతే బ్యాగ్ పారేసేలోపు లేబుల్‌ను ఫోన్‌తో ఫొటో తీయండి. హెచ్‌బీ రక్తం ఎక్కించకముందు చూసినదే రాయాలి. ఎక్కించాక చూసిన అంకె ఈ లెక్కకు పనికిరాదు.

ఇంత పట్టుదల ఎందుకో ఒక నిజమైన ట్రయల్ చూస్తే అర్థమవుతుంది. తలసీమియాలో లస్పాటర్‌సెప్ట్ అనే ఇంజెక్షన్‌ను 336 మంది పెద్దవాళ్ల మీద పరీక్షించారు. చేరడానికి ముందు 24 వారాల్లో 6 నుంచి 20 యూనిట్ల రక్తం ఎక్కి ఉండాలి, మధ్యలో 35 రోజులకు మించి రక్తం లేకుండా గడిచి ఉండకూడదు అన్నది షరతు. మందు పనిచేసిందా లేదా అన్నది ఆ పాత లెక్కతో పోల్చే తేలుస్తారు. ఎండాకాలంలో దాతలు దొరక్క హెచ్‌బీ 6కు పడిపోయేదాకా ఆగారనుకోండి. ఆ నెలల్లో రక్తం తక్కువ ఎక్కినట్టు రికార్డవుతుంది. తర్వాత ట్రయల్‌లో పద్ధతిగా ఎక్కిస్తే, మందు వేసుకున్నా అవసరం పెరిగినట్టు కనిపిస్తుంది. కాబట్టి ఆలస్యమైన ప్రతిసారీ "రక్తం దొరకలేదు, 11 రోజులు లేటు" అని కారణం కూడా రాసిపెట్టండి.

సికిల్ సెల్ ఉన్నవాళ్లకు ఇదే కష్టం మరోలా వస్తుంది. ట్రయళ్లు సాధారణంగా గత 12 నెలల్లో వచ్చిన నొప్పి అటాక్‌లను లెక్కిస్తాయి. ఆసుపత్రిలో చూపించుకుని చికిత్స తీసుకున్నవే అందులోకి వస్తాయి. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు గూడేల్లోనూ, దేవరకొండ, చందంపేట తండాల్లోనూ రాత్రిపూట నొప్పి లేస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ ఇస్తాడు, తెల్లారి పొలానికి పోతారు. ఆ అటాక్ ఎక్కడా నమోదు కాదు. నొప్పి తగ్గినా సరే, మర్నాడు పీహెచ్‌సీకో ఏరియా ఆసుపత్రికో వెళ్లి తేదీ, నొప్పి ఉన్న చోటు, ఇచ్చిన మందు ఓపీ చీటీ మీద రాయించుకోండి. ట్రయల్ లేకపోయినా ఈ చీటీలు చికిత్సకు పనికొస్తాయి.

జబ్బును నిర్ధారించిన కాగితం కూడా సరిగా ఉండాలి. రక్తంలో ఏ రకం హిమోగ్లోబిన్ ఎంత ఉందో చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్షను మొదటిసారి రక్తం ఎక్కించకముందే చేయించాలి. ఎక్కించాక చేస్తే దాత రక్తం కలిసి రిపోర్టు తప్పుదోవ పట్టిస్తుంది. ఇప్పటికే ఎక్కిస్తున్నట్టయితే అమ్మానాన్నలిద్దరి హెచ్‌పీఎల్‌సీ, బిడ్డ జన్యు పరీక్ష అడగండి. ఈ పరీక్ష కోసం బిడ్డకు రక్తం ఆపి మూడు నెలలు ఆగుదామని మీ అంతట మీరు ఎప్పుడూ చేయొద్దు. పదేపదే రక్తం ఎక్కిస్తే ఒంట్లో ఐరన్ పేరుకుంటుంది. దాన్ని చూపే ఫెరిటిన్ పరీక్షను జ్వరం ఉన్నప్పుడు చేయించకండి. ఒంట్లో ఐరన్ పెరగకపోయినా జ్వరానికే ఆ అంకె పెరుగుతుంది. గుండె ఎంఆర్ఐలో ఐరన్‌ను అంచనా వేసే టీ2 స్టార్ అనే అంకె 20 మిల్లీసెకన్ల కంటే తగ్గితే గుండెలో ఐరన్ చేరుతున్నట్టు, 10 కంటే తగ్గితే ప్రమాదం దగ్గరపడ్డట్టు. అలాంటప్పుడు ముందు ఐరన్ తీసే చికిత్సను గట్టిగా చేయించాలి, ట్రయల్ మాట తర్వాత.

ట్రయల్ నిజమైనదో కాదో ఎలా తెలుసుకోవాలి

మన దేశంలో మందుల ట్రయళ్లన్నీ సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్టర్‌లో నమోదు కావాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నడిపే ఈ రిజిస్టర్ 2007లో మొదలైంది. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి మనిషిని చేర్చుకోకముందే నమోదు చేయడం తప్పనిసరి. వెబ్‌సైట్ సీటీఆర్‌ఐ డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్. అంతా ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలనో, ఊరి టీచర్‌నో పక్కన కూర్చోబెట్టుకోండి. జబ్బు పేరుతో వెతికాక నాలుగు చోట్ల చూడాలి: ఇండియాలో ఇంకా చేర్చుకుంటున్నారా, మీరు వెళ్లగలిగిన ఆసుపత్రి సైట్ల పట్టికలో ఉందా, ట్రయల్‌లో చేరేవాళ్ల క్షేమం, హక్కులు చూసే ఆ ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ ఆమోదం "అప్రూవ్డ్" అని ఉందా, దేశ ఔషధ నియంత్రణాధికారి (డీసీజీఐ) అనుమతి వచ్చిందా. వయసు, హెచ్‌బీ, లివర్, కిడ్నీ షరతులు కూడా ఆ పేజీలోనే ఉంటాయి. వాటిని మీ నోట్‌బుక్‌తో సరిచూసుకుంటే బస్సెక్కకముందే సగం విషయం తేలిపోతుంది.

ట్రయల్ మందుకూ, దానికోసం చేసే పరీక్షలకూ మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. "లక్షన్నర కట్టండి, కొత్త మందుతో రక్తం ఎక్కించే పనే ఉండదు" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

సంతకం పెట్టేముందు

సమాచార పత్రాన్ని తెలుగులో ఇవ్వాలి. దాన్ని ఇంటికి తెచ్చుకుని రెండు రోజులు చదువుకోండి, ఆ హక్కు మీకుంది. చదవలేనివాళ్లకు పూర్తిగా చదివి వినిపించాలి, ట్రయల్ బృందానికి సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి, వేలిముద్ర ఆ తర్వాతే. లంబాడీ మాత్రమే బాగా అర్థమయ్యే అమ్మలుంటే వాళ్ల భాషలో చెప్పగలిగే మనిషిని తప్పకుండా వెంట తీసుకెళ్లండి. నెలనెలా బిడ్డను చూసుకునేది ఆమే, అర్థం కావలసింది ముందుగా ఆమెకే. కొత్త రసాయన మందు అయితే పిల్లల వంటి బలహీనుల విషయంలో ఈ సమ్మతి తీసుకోవడాన్ని వీడియో తీయాలని 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయళ్ల నిబంధనలు చెబుతున్నాయి. ఊహ తెలిసిన పిల్లలనూ విడిగా అడగాలి. బిడ్డ వద్దంటే ఆ మాటకు విలువ ఉంది. సంతకాలయ్యాక ఒక కాపీ మీ చేతికి రావాలి.

అడగాల్సిన వాటిలో కొన్ని: "సార్, మా పిల్లగానికి ఉత్త మాత్ర పడుతదా?" చాలా ట్రయళ్లలో కొందరికి మందు, కొందరికి ప్లసీబో, అంటే చూడ్డానికి మందులాగే ఉండి మందు లేనిది, ఇస్తారు. ఎవరికి ఏది అన్నది చీటీ తీసినట్టు కంప్యూటర్ తేలుస్తుంది, డాక్టరుకు కూడా తెలియదు. పైన చెప్పిన ట్రయల్‌లో 224 మందికి మందు, 112 మందికి ప్లసీబో పడింది. కానీ రక్తం, ఐరన్ తీసే మందు ఇద్దరికీ ఆగలేదు. మీ ట్రయల్‌లోనూ ఇవి ఆగవని కాగితం మీద చూసుకోండి. సికిల్ సెల్‌లో హైడ్రాక్సీయూరియా వాడుతుంటే అది కొనసాగుతుందా అని అడగండి. 1995లో వచ్చిన ట్రయల్ ఫలితాల్లో ప్లసీబో తీసుకున్నవాళ్లకు ఏడాదికి 4.5 నొప్పి అటాక్‌లు వస్తే, ఆ మందు వాడినవాళ్లకు 2.5 వచ్చాయి. ఇప్పటిదాకా ఆ మందే వాడి చూడకపోతే, ట్రయల్ కంటే ముందు దాని గురించి డాక్టరుతో మాట్లాడండి.

ఎంత ఆశపడాలో కూడా ముందే తెలిసి ఉండాలి. లస్పాటర్‌సెప్ట్ గెలిచిన మందే. అయినా రక్తం అవసరం కనీసం మూడో వంతు తగ్గింది 21.4 శాతం మందికే, ప్లసీబో తీసుకున్నవాళ్లలో 4.5 శాతానికి. సికిల్ సెల్‌లో హెచ్‌బీ పెంచుతుందని 2019లో అమెరికాలో అనుమతి పొందిన వోక్సెలోటర్‌ను, ప్రమాదం లాభాన్ని మించుతోందని తయారీ కంపెనీయే 2024 సెప్టెంబరులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. హెచ్‌బీ పెరగడం, నొప్పులు తగ్గడం రెండూ ఒకటి కాదు. మీ ట్రయల్ వాటిలో దేన్ని కొలుస్తుందో అడగండి.

చేరాక ఇంట్లో జరిగే పొరపాట్లు

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది మాత్రల లెక్క. రోజుకు రెండు చొప్పున 28 రోజులకు 56 కావాలి, మీకు 60 ఇచ్చారనుకుందాం. తిరిగి వెళ్లేనాటికి 4 మిగలాలి. 11 మిగిలాయంటే 7 మాత్రలు తప్పాయి. డాక్టరు కోప్పడతారని ఆ ఏడింటినీ పెంటలో పారేసి 4 మాత్రమే తీసుకెళ్తే, మందు అంతా వేసుకున్నా పనిచేయలేదని రాసుకుంటారు. తప్పిన తేదీలు రాసి, ఖాళీ స్ట్రిప్పులతో సహా 11 మాత్రలూ తీసుకెళ్లండి. మర్చిపోయారని రెండేసి మాత్రలు ఒకేసారి వేయకండి.

స్కూల్లో, అంగన్‌వాడీలో ఇచ్చే ఐరన్ మాత్రల సంగతి వెంటనే చూసుకోవాలి. అయిదేళ్లు దాటిన చిన్న పిల్లలకు గులాబీ రంగు, పదేళ్లు దాటినవాళ్లకు నీలం రంగు మాత్ర వారానికొకటి ఇస్తారు. రక్తం ఎక్కించుకునే తలసీమియా బిడ్డకు అవి వద్దు. హెడ్‌మాస్టరుకూ, ఆశా వర్కరుకూ డాక్టరు చీటీ చూపించి చెప్పండి. "రక్తం పట్టే టానిక్" కూడా అంతే.

ఐరన్ తీసే డెఫెరాసిరాక్స్ కరిగే మాత్రను పరగడుపున, తిండికి కనీసం అరగంట ముందు, గ్లాసు నీళ్లలో పూర్తిగా కలిపి తాగించాలి. అడుగున మిగిలిన పొడిని మళ్లీ కొంచెం నీళ్లు పోసి తాగించాలి. పాలల్లో, కూల్‌డ్రింక్‌లో కలపొద్దు. డెఫెరిప్రోన్ వాడుతున్న బిడ్డకు జ్వరమో గొంతునొప్పో వస్తే మందు ఆపి, అదేరోజు రక్త పరీక్ష చేయించాలి. తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోయి ఉండవచ్చు, తెల్లారేదాకా ఆగడానికి లేదు.

మర్రిగూడ, మునుగోడు వైపు కుటుంబాలకు ప్రత్యేకంగా ఒక మాట. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊళ్లలో ఎముకల నొప్పి, మోకాళ్ల నొప్పి కొత్త కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ డెఫెరిప్రోన్ కీళ్లనొప్పి తెస్తుంది, లస్పాటర్‌సెప్ట్ ఎముకల నొప్పి తెస్తుంది. ఏ నొప్పి ఎందుకొచ్చిందో డాక్టరు తేలుస్తారు. మీరు మాత్రం "మా ఊళ్లో అందరికీ ఉండేదే" అని దాచకుండా, ఎప్పుడు మొదలైందో చెప్పండి.

మందును ఎన్ని డిగ్రీల లోపు ఉంచాలో డబ్బా మీద ఉంటుంది. మే నెలలో రేకుల ఇంట్లో అటక మీద పెడితే మందు పాడవుతుంది. 30 లోపు అని ఉంటే మూత గట్టిగా బిగించిన డబ్బాలో, నీళ్ల రంజన్ పక్కన చల్లటి మూలకు పెట్టండి, తడి తగలకూడదు. 2 నుంచి 8 అని ఉంటే ఫ్రిజ్ తప్ప దారి లేదు. లేకపోతే ముందే చెప్పండి.

ప్రయాణం కూడా లెక్క వేసుకోవాలి. విజిట్ తేదీకి అటూ ఇటూ కొన్ని రోజుల వెసులుబాటు ఉంటుంది, అది ఎన్నిరోజులో అడిగి పత్తి ఏరే రోజులు, బతుకమ్మ, దసరా గుర్తుపెట్టుకుని తేదీలు ఎంచుకోండి. దారిఖర్చు, కూలీ నష్టం ఎంత ఇస్తారో సమాచార పత్రంలో ఉండాలి. అమ్మకు బస్సులో ఇచ్చే జీరో టికెట్‌నూ, నాన్న టికెట్‌నూ నోట్‌బుక్‌లో అతికించండి. డబ్బు రాకపోయినా, ఆరోజు ప్రయాణం చేసినట్టు ఆ టికెట్టే రుజువు.

ఏదైనా తేడా వస్తే

ట్రయల్ కార్డు, 24 గంటల ఫోన్ నంబరు ఎప్పుడూ బిడ్డతోనే ఉండాలి. ప్రాణం మీదికొస్తే హైదరాబాద్ దాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి, నల్లగొండ లేదా మహబూబ్‌నగర్ జనరల్ ఆసుపత్రి క్యాజువాలిటీలో ఆ కార్డు చూపించండి. అక్కడి నుంచే ట్రయల్ డాక్టరుకు ఫోన్ చేసి, ఎన్ని గంటలకు చేశారో రాసుకోండి. తీవ్రమైన హాని జరిగితే డాక్టరు 24 గంటల్లో పైవాళ్లకు తెలియజేయాలి. హాని ట్రయల్ వల్ల కాదని తేలేదాకా, లేదా అవసరమున్నంతకాలం, ఏది ముందైతే అంతవరకు చికిత్స ఉచితం. ట్రయల్ వల్లనే ప్రాణం పోతే పరిహారం 8 లక్షల మూలమొత్తంతో మొదలుపెట్టి వయసు, జబ్బు తీవ్రతను బట్టి లెక్కగడతారు. ఆదేశం వచ్చిన 30 రోజుల్లో చెల్లించాలి.

ఎప్పుడైనా మానుకోవచ్చు, మానుకున్నందుకు మామూలు చికిత్స ఆపకూడదు. కానీ చెప్పకుండా రావడం మానేయొద్దు. ఆఖరి రక్త పరీక్షలు మీ బిడ్డ క్షేమం కోసమే. ట్రయల్ ముగిశాక మందు పనిచేసిన బిడ్డకు అది ఉచితంగా అందుతూ ఉంటుందా అన్నది చేరేరోజే అడగండి. వేరే చికిత్స లేనప్పుడు, డాక్టరు సిఫారసు చేసి ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటే, ఇవ్వడానికి నిబంధనల్లో దారి ఉంది. నోటిమాటగా కాక కాగితం మీద జవాబు తీసుకుని, నోట్‌బుక్ వెనక అట్టకు పిన్ను కొట్టి ఉంచుకోండి.