మొటిమలకు లైట్ పెట్టించుకోవాలంటే

కర్నూలు రాజ్‌విహార్ సెంటర్ దగ్గర ఒక స్కిన్ క్లినిక్‌లో లైట్ మెషిన్ చూసుకునేది నేనే. "అక్కా, ఎన్ని సిట్టింగులకు పోతాయి?" అంటూనే కూర్చుంటారు కాలేజీ పిల్లలు. ముందు మొహం చూడనీయండి అంటాను.

ఎర్రగా వాచి, చీము పట్టిన చిన్న మొటిమలకైతే లైట్ పనిచేస్తుంది. మొటిమలు పెంచే బ్యాక్టీరియా పార్ఫిరిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. దాని మీద 415 నానోమీటర్ల (వెలుతురు తరంగం పొడవును కొలిచే లెక్క ఇది) బ్లూ లైట్ పడితే, అక్కడ పుట్టే చురుకైన రకం ఆక్సిజన్ ఆ బ్యాక్టీరియానే చంపుతుంది. 630 దగ్గర ఉండే రెడ్ లైట్ ఇంకా లోపలికి పోయి వాపు తగ్గిస్తుంది. బ్లాక్‌హెడ్స్‌కు లైట్‌తో పెద్దగా ఫలితం ఉండదు, వాటికి అడాపలీన్ జెల్ మేలు. లోపల గడ్డకట్టి, నొప్పి పుట్టి, గుంటలు పడుతుంటే లైట్‌తో కాలయాపన వద్దు. జనరల్ ఆసుపత్రి స్కిన్ ఓపీకైనా సరే, వెంటనే పోండి.

వచ్చేటప్పుడు వాడుతున్న మందులన్నీ తెచ్చి చూపించండి. డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినోయిన్ వాడేవాళ్ల చర్మం వెలుతురుకు తొందరగా కందుతుంది. తెల్లబడతామని మెడికల్ షాపులో కొన్న క్రీమ్ కూడా దాచొద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటే మొటిమలు దానివల్లే రావచ్చు.

మేకప్, నూనె లేకుండా మొహం కడుక్కోవాలి. గాగుల్స్ మాత్రం కళ్లు మూసుకున్నా తీయకూడదు. మా దగ్గర వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు పెడతాం. మంట పుడితే ఓర్చుకోవద్దు, అప్పుడే చెప్పండి.

అన్నిటికన్నా నాకు భయం నల్ల మచ్చలంటే. మన చామనఛాయ చర్మాన్ని బ్లూ లైటే నల్లబరచగలదు. అందుకే మొదట దవడ కింద కాస్త చోట పెట్టించుకుని, కొన్ని రోజులు చూసి, ఆ తర్వాతే మొహమంతా. మిట్టమధ్యాహ్నం బండి మీద నంద్యాల చెక్‌పోస్ట్ దాకా పోయేవాళ్లు ఐరన్ ఆక్సైడ్ ఉన్న టింటెడ్ సన్‌స్క్రీన్ తీసుకోండి. కంటికి కనిపించే వెలుతురును మామూలు తెల్ల సన్‌స్క్రీన్ అంతగా ఆపలేదు. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి.

ఆన్‌లైన్‌లో కొనే ఎల్‌ఈడీ మాస్క్ డబ్బా మీద నానోమీటర్లు రాసి లేకపోతే కొనకండి. క్లినిక్ మెషిన్ కన్నా దాని బలం తక్కువే, నెమ్మదిగా పనిచేస్తుంది. మందు రాసి లైట్ పెట్టే ఫోటోడైనమిక్ థెరపీ వేరు. దానికి మంట, ఎరుపు ఎక్కువ, రెండు రోజులు ఎండ తగలకూడదు. పరీక్షల ముందు పెట్టుకోవద్దు.

లైట్ ఆపాక మొటిమలు మళ్లీ రావచ్చు, కాబట్టి డాక్టర్ రాసిన జెల్ మానకండి. మొదటి రోజు, నాలుగో వారం ఒకే కిటికీ దగ్గర ఫోటో తీసుకుని పోల్చండి. తేడా లేకపోతే ఇంకో ప్యాకేజీకి డబ్బు కట్టొద్దు, డాక్టర్‌ను వేరే మందు అడగండి.