కోతలకు ముందు స్పోర్ట్స్ కారుకు ఎల్ఈడీ లైట్లా? ముందు గోడ దగ్గరికి తీసుకెళ్లండి

వానాకాలం కోతలు మొదలైతే మన దగ్గర రోడ్లు సగమే మిగులుతాయి. మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్లలో తారు రోడ్డే కల్లం. పగలంతా వడ్లు ఆరబోస్తారు. పొద్దుగూకాక కుప్ప చేసి నల్ల పట్టా కప్పి, గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పెడతారు. నల్ల రోడ్డు మీద నల్ల పట్టా, రాత్రి ఏం కనిపిస్తుంది? పాలమూరు వైపైతే పత్తి ట్రాక్టర్లు. బాదేపల్లి మార్కెట్‌కు పోయే ట్రాలీల్లో పత్తి నాలుగు పక్కలా పొంగి ఉంటుంది, వెనక ఎర్రలైటు ఉన్నా దాని కిందే దాక్కుంటుంది. ఆ వెంటనే డిసెంబరు, హైవే మీద తెల్లవారుజామున పొగమంచు. అందుకే దసరా దాటగానే కార్లవాళ్లకు లైట్ల మీద ధ్యాస మళ్లుతుంది. నేలకు అతుక్కుపోయినట్టుండే స్పోర్ట్స్ కార్లవాళ్లకు మరీనూ.

మా అక్క కొడుకు నిరుడు ఒక పాత రెండు డోర్ల కారు కొన్నాడు. హాలోజన్ లైట్లు, అంటే ఫిలమెంటు వేడెక్కి వెలిగే పాత రకం. "దీపం బుడ్డి లెక్కున్నయి మామా, ఎల్ఈడీ ఏపిస్త" అన్నాడు. ఆగమంటే ఆగలేదు. హైదరాబాద్‌లో ఒక షాపులో వేయించుకుని, ఆ రాత్రే 65వ నంబరు హైవే మీద నల్లగొండ వచ్చాడు. చౌటుప్పల్ దాటినప్పటి నుంచి ఎదురొచ్చిన ప్రతి బండీ వీడికి డిప్పర్ కొట్టిందట. "నా లైట్లు చూసి కుళ్లుకుంటున్నరు మామా" అని నవ్వాడు. వాడిది నవ్వే వయసు, ఎదుటివాడిది కళ్లు బైర్లు కమ్మిన పరిస్థితి.

మరుసటి రోజు సాయంత్రం కారును మాకు తెలిసిన ఒక గోదాం గోడ ముందుకు తీసుకెళ్లాం. మీరూ లైట్లు మార్చక ముందు ఒకసారి, మార్చాక ఒకసారి ఈ పని చేయండి. ఖర్చు ఒక మాస్కింగ్ టేపు చుట్ట, ఒక కొలత టేపు. నేల చదునుగా ఉండాలి. నాలుగు టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి. డ్రైవర్ సీట్లో మనిషి కూర్చోవాలి. డాష్‌బోర్డు దగ్గర లైట్ల ఎత్తు మార్చే చక్రం ఉంటే సున్నా మీద పెట్టాలి. లైటు మధ్య నుంచి గోడకు సరిగ్గా 10 మీటర్లు కొలిచి కారు నిలపాలి. నేల నుంచి లైటు మధ్య భాగం ఎంత ఎత్తుందో కొలిచి, గోడ మీద అదే ఎత్తున అడ్డంగా టేపు అంటించాలి. దానికి 10 సెంటీమీటర్లు కింద ఇంకో టేపు. లో బీమ్ (కిందికి వాలి దగ్గర పడే లైటు) వేస్తే వెలుగు పై అంచు ఈ కింది టేపు దగ్గర ఆగాలి. పది మీటర్లకు పది సెంటీమీటర్లు దిగడం, అంటే ఒక శాతం వాలు, చాలా కార్లకు సరిపోయే లెక్క. మీ కారు లైటు మీదో పుస్తకంలోనో వేరే అంకె ఉంటే దాన్నే పట్టుకోండి.

మావాడి కారు లైటు ఎత్తు 62 సెంటీమీటర్లు. అంచు ఉండాల్సింది 52 దగ్గర. ఉన్నది 70 దగ్గర! షాపతను 'దూరం కొట్టాలి' అని లైటు వాలు సరిచేసే స్క్రూ తిప్పి పైకెత్తాడన్నమాట. అంటే వెలుగు కిందికి వాలడం పోయి, పది మీటర్లకు ఎనిమిది సెంటీమీటర్ల చొప్పున పైకి ఎక్కుతోంది. వంద మీటర్ల దూరంలో అది 1 మీటరు 42 సెంటీమీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఎదురొచ్చే ఆటో డ్రైవర్ కన్ను దాదాపు అక్కడే ఉంటుంది.

స్క్రూ తిప్పి 52కి దించాం. చిన్న రోడ్డు మీద ఒక చక్కర్ కొట్టొచ్చి మావాడు మొహం వేలాడేశాడు. "ఇంతేనా మామా, పాత బల్బులకు కూడా ఇంతే దూరం కనబడుతుండె గదా."

అసలు సంగతి అక్కడే ఉంది. లో బీమ్‌లో వెలుగు ఎంత దూరం పోవాలో తేల్చేది బల్బు కాదు, లైటు ఎత్తూ ఆ వాలూ. 62 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పది మీటర్లకు పది సెంటీమీటర్లు దిగే వెలుగు 62 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది. పెద్ద ఎస్‌యూవీ లైటు 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, అదే వాలుకు 90 మీటర్లు. అందుకే స్పోర్ట్స్ కారు నడిపేవాడికి ఎప్పుడూ తన లైట్లు తక్కువే అనిపిస్తాయి. గంటకు 90 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 25 మీటర్లు. ఆ 62 మీటర్లు రెండున్నర సెకన్లలో అయిపోతాయి. నల్ల పట్టా కళ్లబడి, బుర్రకెక్కి, కాలు బ్రేకు మీదికి పోయేసరికే ఒక సెకను, ఒకటిన్నర సెకను గడిచిపోతుంది. ఎల్ఈడీ వేసినా ఈ లెక్క ఒక్క మీటరు కూడా మారదు. పైగా కారు ముందు పది పదిహేను మీటర్ల మేర మరీ తెల్లగా వెలిగిపోతే కంటిపాప చిన్నదవుతుంది, దూరంగా ఉన్నవి ఇంకా మసకబారతాయి. వెలుగు పెరిగిందన్న ధీమాతో పది కిలోమీటర్లు ఎక్కువ వేగం పోతే, పాత లైట్లే నయం.

అలాగని ఎల్ఈడీ దండగని కాదు. మంచి యూనిట్ వేస్తే వెలుగు పక్కలకు బాగా పరుచుకుంటుంది. రోడ్డు అంచున పెట్టిన రాళ్లు, సైకిల్ మీద పోయే పెద్దమనిషి, మేకల మంద కాస్త ముందే తెలుస్తాయి. కరెంటు తక్కువ లాగుతుంది. కానీ ఏది కొంటున్నారన్నదే ప్రశ్న.

బజారులో రెండు రకాలున్నాయి. ఒకటి, పాత లైటు అలాగే ఉంచి లోపల బల్బు మాత్రం మార్చేది. రెండోది, లైటు మొత్తం విప్పి ఎల్ఈడీ ప్రొజెక్టర్ (వెలుగును లెన్సుతో ముందుకు పంపేది) ఉన్న కొత్త యూనిట్ బిగించేది. మొదటిది చవక, చిక్కులన్నీ దాంట్లోనే. హాలోజన్ లైటు వెనకుండే రిఫ్లెక్టర్‌ను, ఫిలమెంటు ఒక ఖచ్చితమైన చోట ఉంటుందన్న లెక్కతో తయారుచేస్తారు. లో బీమ్, హై బీమ్ రెండూ ఒక్కదాంట్లోనే ఉండే హెచ్4 రకం బల్బును చేతిలోకి తీసుకుని చూడండి. రెండు ఫిలమెంట్లుంటాయి, లో బీమ్ ఫిలమెంటు కింద చిన్న చెంచాలాంటి రేకు ఉంటుంది. కిందికి పోయే వెలుగును ఆపేది ఆ రేకే. ఎల్ఈడీ చిప్పు ఆ ఫిలమెంటు ఉండే చోట నుంచి మిల్లీమీటరో రెండో జరిగినా వెలుగు చెదిరి పైకి పోతుంది. గోడ మీద అంచు గీతలా తెగకుండా, పాలు ఒలికినట్టు కనిపిస్తే, ఆ బల్బు మీ కారుకు పనికిరాదు. స్క్రూ తిప్పితే పోయే జబ్బు కాదది. పెట్టె మీద ఇన్ని వేల ల్యూమెన్లని (ల్యూమెన్ అంటే వెలుగుకు కొలత) రాసి ఉండటం చూసి మురిసిపోకండి. 55 వాట్ల మామూలు హెచ్7 రకం హాలోజన్ బల్బు ఇచ్చేదే దాదాపు 1,500 ల్యూమెన్లు, దాంతోనే లోకమంతా ఇన్నేళ్లు నడిచింది.

ఇక మొత్తం యూనిట్ మార్చేవాళ్లు. స్పోర్ట్స్ కార్లకు మన దగ్గర సామాను దొరకడం కష్టం కాబట్టి అమెరికా నుంచో జర్మనీ నుంచో తెప్పిస్తారు. ఇక్కడ డబ్బు పోగొట్టుకునే అవకాశం ఎక్కువ. మనం ఎడమ పక్కన నడుస్తాం, అందుకని మన లైట్ల వెలుగు ఎడమ అంచు వైపు కాస్త పైకి లేస్తుంది, కుడివైపు కిందికి ఉంటుంది. వాళ్లు కుడి పక్కన నడుస్తారు. వాళ్ల లైటు తెచ్చి బిగిస్తే ఆ పైకి లేచే భాగం నేరుగా ఎదురొచ్చే డ్రైవర్ కళ్లలోకి పోతుంది, మీ ఎడమ పక్క నడిచేవాళ్లేమో చీకట్లో ఉంటారు. ఆర్డర్ పెట్టే ముందు బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియా లాంటి ఎడమవైపు నడిచే దేశాలకు చేసిన యూనిటేనా అని అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. వెనక లైట్లలో ఇంకో తిరకాసు ఉంది. అమెరికా టెయిల్ లైట్లలో చాలావాటికి ఇండికేటర్ కూడా ఎర్రగానే వెలుగుతుంది. మన నిబంధనల ప్రకారం ఇండికేటర్ పసుపు నారింజ రంగులోనే ఉండాలి. ఎర్ర అద్దం వెనక తెల్ల ఎల్ఈడీ బల్బు పెట్టే పని కూడా చేయొద్దు, గులాబీ రంగు బ్రేక్ లైటు తయారవుతుంది. ఎర్ర అద్దానికి ఎర్ర ఎల్ఈడీయే.

రంగు గురించి ఒక్క మాట. హాలోజన్ వెలుగు సుమారు 3,200 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత, అంకె పెరిగేకొద్దీ నీలి తెలుపు), కొంచెం పసుపు. 6,000 దాటిన నీలి తెలుపు షోరూములో బాగుంటుంది గానీ పొగమంచులో తెల్ల దుప్పటి కప్పినట్టుంటుంది. నాకైతే 4,300 నుంచి 5,000 మధ్యలోది చాలు.

బిగించే రోజు దగ్గరుండండి. స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి బంపర్ విప్పితే గానీ లైటు బయటికి రాదు, ప్లాస్టిక్ క్లిప్పులు ఎండకు పెళుసెక్కి ఉంటాయి, సగం విరుగుతాయి. కొత్త క్లిప్పులు ముందే తెచ్చిపెట్టుకుంటే, తర్వాత బంపర్ గడగడలాడదు. ముందుగా బ్యాటరీ మైనస్ విప్పించండి. మీ కారులో ముందే జినాన్ లైట్లుంటే (ఫిలమెంటు లేకుండా గ్యాసులో మెరుపుతో వెలిగేవి) మామూలు వైరింగ్ మేస్త్రీ చేత ముట్టించకండి. వెలిగే క్షణంలో అక్కడ 20,000 వోల్టులకు పైగా ఉంటుంది. వైరు కత్తిరించి మెలిపెట్టి టేపు చుట్టే పని ఎవరు చేసినా ఆపేయండి. కప్లర్‌కు కప్లర్ (వైరు చివర ఉండే ప్లగ్గు) కలిసేదే తీసుకోండి. ఫ్యూజు పోతోందని ఎక్కువ ఆంపియర్లది వేస్తానంటే, ఆ షాపు నుంచి కారు తోలుకొచ్చేయడమే.

చాలామంది పట్టించుకోనిది లైటు వెనకుండే రబ్బరు మూత. ఎల్ఈడీ బల్బుకు వెనక ఫ్యానో, పెద్ద అల్యూమినియం ముక్కో ఉంటుంది. దాంతో మూత పట్టదు. మేస్త్రీ ఏం చేస్తాడు? మూతకు బెజ్జం కొడతాడు, లేదా తీసి డిక్కీలో పడేస్తాడు. మొదటి వానకే లోపల ఆవిరి, దుమ్ము. హాలోజన్ వేడికి ఆ తేమ కొంత ఆరిపోయేది. ఎల్ఈడీ వెలుగులో ఆ వేడి ఉండదు, తడి అలాగే నిలుస్తుంది, రిఫ్లెక్టర్ పూత మచ్చలు పడుతుంది. అలాగని మూత బిగించి గాలి ఆడనివ్వకపోతే, మే నెలలో 45 డిగ్రీల ఎండకు ఇంజను వేడి తోడై ఎల్ఈడీ డ్రైవర్ (దానికి కరెంటు సరిచేసి ఇచ్చే చిన్న సర్క్యూట్) తొందరగా చస్తుంది. లోపల బల్బు వెనక ఖాళీ ఎంతుందో ముందే కొలిచి, మూతతో సహా పట్టే బల్బే కొనండి.

ఇండికేటర్లు మార్చాక టకటకటక అని వేగంగా కొట్టుకోవడం మొదలవుతుంది. 21 వాట్ల బల్బు పోయి రెండు మూడు వాట్ల ఎల్ఈడీ రావడంతో, బల్బు కాలిపోయిందని కారు అనుకుంటుంది. నిమిషానికి 60 నుంచి 120 సార్ల మధ్య వెలగాలన్నది నిబంధన. పాత కార్లలో ఎల్ఈడీకి సరిపడే ఫ్లాషర్ రిలే (ఇండికేటర్‌ను వెలిగించి ఆర్పే డబ్బా) మారిస్తే పోతుంది. కొత్తవాటిలో పాత బల్బంత కరెంటు లాగి కారును నమ్మించే బంగారు రంగు రెసిస్టర్ ఒకటి జోడిస్తారు, 6 ఓమ్‌లు, 50 వాట్లు. అది వెలిగినంతసేపు ముప్పై వాట్ల దాకా వేడి పుట్టిస్తుంది. హజార్డ్ లైట్లు వేసి పది నిమిషాలు ఆగారనుకోండి, ముట్టుకుంటే వేలు కాలుతుంది. దాన్ని బంపర్ ప్లాస్టిక్‌కో వైర్ల కట్టకో కట్టారా చూసుకోండి. ఇనుప బాడీకే బిగించాలి. మావాడి కారులో జిప్ టై వేసి వైర్ల మీదే వేలాడదీశారు, ఒక వైరు తొడుగు అప్పటికే మెత్తబడి ఉంది. షాపు ముందే రేడియో కూడా ఒకసారి పెట్టి చూడండి. లైట్లు వేయగానే ఎఫ్ఎంలో గరగర వస్తే ఆ ఎల్ఈడీ డ్రైవర్ నాసిరకం.

చట్టం సంగతి. తయారీదారు ఇచ్చినదానికి భిన్నంగా బండిని మార్చడంపై మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆంక్షలు పెట్టింది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. హాలోజన్ బల్బుతో ఆమోదం పొందిన లైటులో ఎల్ఈడీ పెడితే ఆ ఆమోదం దానికి వర్తించదు. అదే కారు పై మోడల్‌కు కంపెనీయే ఇచ్చిన ఎల్ఈడీ యూనిట్ దొరికితే అన్నిటికన్నా అదే మేలు. ఏది వేసినా ఇన్సూరెన్స్ వాళ్లకు ముందే మెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి. కేంద్ర నిబంధనల్లోనే ఒక సులువైన పరీక్ష ఉంది: లైటుకు 8 మీటర్ల ముందు, కారు కుడి అంచుకు అర మీటరు పక్కన, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కన్ను మిరుమిట్లు గొలపకూడదు. మామూలు ఎత్తు మనిషి నిలబడితే కన్ను దాదాపు అక్కడే ఉంటుంది. లో బీమ్ వేసి మీరే వెళ్లి నిలబడండి, లేదా ఇంట్లో పెద్దవాళ్లను నిలబెట్టండి. మా అక్క నిలబడి, "అయ్యో కండ్లు పోతయిరా, బంద్ జెయ్" అంది. గోడ కన్నా ముందు ఆమెనే పిలవాల్సింది.

కొత్త లైట్లు వేశాం కదా అని శ్రీశైలం ఘాట్‌లో రాత్రి పరీక్షిద్దామనుకునేవాళ్లు గుర్తుంచుకోండి, అమ్రాబాద్ పులుల అడవి గుండా పోయే ఆ రోడ్డును మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. చీకటి పడ్డాక అడవిలో ఉండాల్సి వస్తే మెల్లగా పోవడమే. హై బీమ్ పడితే జింక రోడ్డు మధ్యలోనే కదలకుండా నిలబడిపోతుంది.

విప్పిన పాత లైట్లు షాపులో వదిలేయకండి. అద్దం గీతలు పడకుండా పాత దుప్పటిలో చుట్టి, ఎడమది కుడిది అని రాసి, స్క్రూలు ఒక కవర్లో వేసి సజ్జ మీద పెట్టండి. బండి అమ్మే రోజున కొనేవాడు అడిగే మొదటి సామాను అదే. మావాడు మటుకు నాలుగు నెలలకే వాటిని దించి మళ్లీ బిగించుకున్నాడు. ఇప్పుడు సరైన యూనిట్ కోసం డబ్బులు కూడబెడుతున్నాడు. ఈలోగా రాత్రిపూట 60 దాటించడం లేదని వాళ్లమ్మతో చెప్పాడట.