ఎన్‌క్లెక్స్ హాల్లో కూర్చున్నాక ఏం చెయ్యాలి: ఒకసారి ఫెయిలైనదాన్ని చెప్తున్నా

ఎన్‌క్లెక్స్ అంటే అమెరికాలో నర్సు లైసెన్సు కోసం కంప్యూటర్ మీద రాసే పరీక్ష. నాకు మొదటిసారి 150 ప్రశ్నలూ వచ్చాయి. బయటికొచ్చి బస్సెక్కేదాకా పాసైపోయాననే అనుకున్నా, ఎందుకంటే రోగాలన్నీ తెలిసినవే, మందులన్నీ తెలిసినవే. తర్వాత ఫెయిలైనవాళ్ళకిచ్చే రిపోర్ట్ వచ్చింది, ఏ సబ్జెక్టులో స్టాండర్డ్‌కి పైన ఉన్నాం, దగ్గర్లో ఉన్నాం, కింద ఉన్నాం అని ఉంటుంది అందులో, నాకు ఫార్మకాలజీ పైన, మేనేజ్‌మెంట్ ఆఫ్ కేర్ కింద. ఎవర్ని ముందు చూడాలి, ఏ పని ఎవరికి అప్పజెప్పాలి లాంటివన్నమాట, పరీక్షలో అన్నిటికన్నా పెద్ద భాగం అదే. ఎనిమిదేళ్ళు వార్డులో పనిచేసినదాన్ని, కేర్ మేనేజ్ చెయ్యడం రాదంట నాకు! రెండ్రోజులు ఏడ్చాక అర్థమైంది, నేను పరీక్షలో మా వార్డులో డ్యూటీ చేసొచ్చాను అని.

అంటే ఏంటంటే, మనకి నైట్ డ్యూటీలో ముప్పై మందికి ఒక్క సిస్టర్, గ్లౌజులు లెక్కపెట్టి వాడాలి, ఏదైనా అయితే ముందు డ్యూటీ డాక్టర్‌కి ఫోన్. ఎన్‌క్లెక్స్ వాళ్ళ హాస్పిటల్లో అవేం ఉండవు. ప్రశ్నలో ఉన్న పేషెంట్ ఒక్కరే మీ పేషెంట్, కావలసిన సామానంతా ఉంటుంది, చాలినంత స్టాఫ్ ఉంటారు, టైం ఉంటుంది. "ఇవన్నీ ఎక్కడ కుదుర్తాయిలే" అని ఒక ఆప్షన్ కొట్టేశారంటే అదే ఆన్సర్ అయ్యుంటుంది చాలాసార్లు. ఇది ఒక్కటి బుర్రకెక్కితే మిగతావి తేలిక.

పరీక్ష ఎలా నడుస్తుందో ముందు చెప్పేస్తా, తెలీక గాభరా పడేవాళ్ళు ఎక్కువ. కనీసం 85 ప్రశ్నలు, గరిష్ఠం 150, టైం 5 గంటలు. అందులో 15 ప్రశ్నలకి మార్కులుండవు, ముందు ముందు వాడుకోడానికి టెస్ట్ చేస్తారు, అవేవో మనకి తెలీదు. వెనక్కెళ్ళి మార్చుకోడం లేదు, వదిలేసి ముందుకెళ్ళడమూ లేదు. మీరు కరెక్ట్ చేసేకొద్దీ కంప్యూటర్ కష్టమైనవి ఇస్తుంది, తప్పయితే కాస్త తేలికైంది ఇస్తుంది. మా వైపు బండలాగుడు పందేల్లో రెండుపళ్ళ గిత్తలకి ఒక బండ, ఆరుపళ్ళ గిత్తలకి ఇంకా బరువైన బండ ఉంటుంది చూడండి, ఇక్కడ మీరు ఒక బండ లాగగానే తర్వాతి బండ తెచ్చి కట్టేస్తారన్నమాట. అందుకే బాగా రాసేవాళ్ళకి కూడా "అయిపోయింది, ఫెయిలే" అనే అనిపిస్తుంది. ప్రశ్నలు కష్టంగా ఉన్నాయంటే బాధపడక్కర్లేదు. మీరు పాస్ లైన్ పైన ఉన్నారనో కింద ఉన్నారనో కంప్యూటర్‌కి 95 శాతం నమ్మకం కుదిరినప్పుడు ఆగిపోతుంది, 85 దగ్గర ఆగినవాళ్ళలో పాసైనవాళ్ళూ ఉంటారు ఫెయిలైనవాళ్ళూ ఉంటారు. కాబట్టి 86వ ప్రశ్న రాగానే గుండె జారిపోకూడదు, ఇంకా పోటీలో ఉన్నామనే అర్థం.

టైం సంగతి. 300 నిమిషాలు, 150 ప్రశ్నలు, రెండేసి నిమిషాలు. చివర్లో టైం లేదని టపటపా ఏదో ఒకటి నొక్కేసే అలవాటు మనకి ఇంటర్ ఎంసెట్ నుంచి వచ్చింది, ఇక్కడ అది ముంచుతుంది. వరసగా తప్పులు పడితే మీ లెవెల్ కిందకి జారుతుంది, టైం అయిపోతే అప్పటికున్న లెవెల్‌నే చూస్తారు. కనీసం 85 పూర్తవకుండా టైం అయిపోతే మాత్రం ఫెయిలే. 2 గంటలకి ఒకసారి, మూడున్నర గంటలకి ఒకసారి బ్రేక్ కావాలా అని అడుగుతుంది, ఆ బ్రేక్ టైం మన 5 గంటల్లోంచే పోతుంది, అయినా మొదటిది తీసుకోండి. మొహం కడుక్కుని నాలుగు గుటకలు నీళ్ళు తాగొచ్చినా చాలు. నేను మొదటిసారి తీసుకోలేదు, నూరో ప్రశ్న దగ్గర ఒకే లైను మూడుసార్లు చదివా.

ఇప్పుడు అసలు విషయం, ప్రశ్న చదవడం. ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు కదా, ముందు చివరి లైను చదవండి, ఏం అడుగుతున్నాడు, మొదట ఏం చేస్తావనా, ఎవర్ని ముందు చూస్తావనా, పేషెంట్ అన్న ఏ మాటని బట్టి ఆవిడకి ఇంకా నేర్పాలని తెలుస్తుందనా. ఈ చివరిది చాలామందిని పడేస్తుంది, అందులో వెతకాల్సింది పేషెంట్ చెప్పిన తప్పు మాట, మనం అలవాటుగా కరెక్ట్ మాట పెట్టేస్తాం. తర్వాత పైకెళ్ళి వయసు, ఆపరేషనై ఎన్ని గంటలైంది, ఏది మారింది చూడాలి. ఆప్షన్లు చూడకముందే మనసులో ఒక ఆన్సర్ అనుకోండి. రెండు మిగిలితే ఇలా అడగండి: నేను ఈ ఒక్క పనే చేసి డ్యూటీ దిగి ఇంటికెళ్ళిపోతే, పొద్దున్నకి పేషెంట్ ఉంటాడా?

చాలా ప్రశ్నలు అసెస్‌మెంటా (పేషెంట్‌ని చూసి పరిస్థితి తెలుసుకోవడం) యాక్షనా (వెంటనే ఏదైనా చెయ్యడం) అన్న చోటే తిరుగుతాయి. మామూలుగా ముందు అసెస్ చెయ్యాలి, కానీ ప్రశ్నలోనే అసెస్‌మెంట్ అయిపోయి ఉంటే మళ్ళీ బీపీ చూస్తానంటే తప్పు. రక్తం ఎక్కిస్తుంటే పదిహేను నిమిషాలకి చలి, నడుము నొప్పి అన్నాడు, ఇంకేం చూస్తారు, ముందు ట్రాన్స్‌ఫ్యూజన్ ఆపాలి, తర్వాత కొత్త ట్యూబింగ్‌తో నార్మల్ సెలైన్, తర్వాతే డాక్టర్‌కి ఫోను. కాలికి కట్టు వేసినతను మార్ఫిన్ ఇచ్చినా నొప్పి తగ్గట్లేదు, వేళ్ళు తిమ్మిరి అంటున్నాడు, ఇది కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ (కండరాల్లో ఒత్తిడి పెరిగి రక్తం ఆడకపోవడం) వైపు వెళ్తోంది, ఇక్కడ మాత్రం డాక్టర్‌కి చెప్పడమే కరెక్ట్, కాలు దిండ్ల మీద గుండె కన్నా ఎత్తులో పెట్టడం ఇంకా చెరుపు. కోచింగ్‌లో మాకు "ఫోన్ చేసే ఆప్షన్ ఎప్పుడూ తప్పే" అని నూరిపోశారు, ఎప్పుడూ అనే రూల్ ఎవరు చెప్పినా నమ్మకండి. నర్సుగా మీ చేతిలో ఉన్న పని మిగిలుందా లేదా, అంతే చూసుకోవాలి.

నలుగురు పేషెంట్లలో ఎవర్ని ముందు చూస్తావు అన్నవి నాకు బాగా దెబ్బకొట్టాయి. నేను ఎక్కువ నొప్పున్నవాళ్ళ దగ్గరికో, రిపోర్టులు భయంకరంగా ఉన్నవాళ్ళ దగ్గరికో పరిగెత్తేదాన్ని. చూడండి: సీఓపీడీ (ఏళ్ళ తరబడి ఉండే ఊపిరితిత్తుల జబ్బు) అతనికి ఆక్సిజన్ సాచురేషన్ 90, డయాలసిస్‌కి ఎదురుచూస్తున్నతనికి కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 6, అపెండిక్స్ ఆపరేషనై ఒక రోజైన పిల్లాడికి నొప్పి 7, థైరాయిడ్ తీసేసి ఆరు గంటలైన ఆవిడకి మూతి చుట్టూ తిమ్మిరి. మొదటి ముగ్గురికీ ఆ జబ్బులో అలా ఉండడం మామూలే. నాలుగో ఆవిడకి కాల్షియం పడిపోతోంది, గొంతు పట్టేస్తే గాలాడదు, ముందు ఆవిడే. ముందు ఎయిర్‌వే (గాలి దారి), తర్వాత బ్రీతింగ్ (ఊపిరి), తర్వాత సర్క్యులేషన్ (రక్తప్రసరణ) అన్న వరస అందరికీ వచ్చు, దాంతోపాటు ఇది ఈ జబ్బులో ఉండాల్సిందేనా కొత్తగా వచ్చిందా అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి, తేడా దొరికేది అక్కడే.

పని అప్పజెప్పడం. మన దగ్గర ఆయమ్మకి, వార్డ్‌బాయ్‌కి ఏదైనా చెప్పేస్తాం, పైగా పూర్తి లైసెన్సున్న నర్సుకీ (ఆర్ఎన్, అంటే మనం) అసిస్టెంట్‌కీ మధ్యలో ఎల్‌పీఎన్ (లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్స్) అనే పోస్టే మనకి లేదు, అందుకే గందరగోళం. మొదటి అసెస్‌మెంట్, టీచింగ్, ఇచ్చిన కేర్ పనిచేసిందా లేదా తేల్చడం, ఈ మూడూ ఆర్ఎన్ వదలకూడదు. స్టేబుల్‌గా ఉన్నవాళ్ళకి మందులు, డ్రెస్సింగులు ఎల్‌పీఎన్‌కి ఇవ్వొచ్చు. అసిస్టెంట్‌కి స్నానం, నడిపించడం, స్టేబుల్ పేషెంట్ వైటల్స్ (బీపీ, పల్స్) లాంటివి. అన్నం తినిపించడం చెప్పొచ్చు కదా అనిపిస్తుంది, పేషెంట్‌కి స్ట్రోక్ వచ్చి మింగడం కష్టంగా ఉందని పైన ఎక్కడో రాసుంటుంది, అది చూసుకోండి.

మాటల ప్రశ్నలు మన సంస్కృతికి పూర్తి రివర్స్. "భయపడకండమ్మా, అంతా ఆ దేవుడే చూసుకుంటాడు" అని మనం ప్రేమగా అంటాం, అక్కడ అది ఉత్త ఓదార్పు, తప్పు ఆన్సర్. "మందు ఎందుకు వేసుకోలేదు" అని నిలదీయడమూ తప్పే. ఆవిడకి ఏమనిపిస్తోందో ఆవిడ చేత చెప్పించే ఆప్షన్ పెట్టాలి. మా ఆవిడకి క్యాన్సర్ అని చెప్పకండి సిస్టర్ అని భర్త బతిమాలితే ఇక్కడ మనం సరే అంటాం, అక్కడ తెలుసుకునే హక్కు ఆవిడది. భాష రాని పేషెంట్‌కి కొడుకు చేత చెప్పించేస్తాం, అక్కడ ట్రైన్డ్ ఇంటర్‌ప్రెటర్‌ని పిలవాలి. ఆపరేషన్ గురించి వివరించాల్సింది సర్జన్, మనం సంతకానికి సాక్షి మాత్రమే.

మందుల పేర్లు కూడా ఒకసారి సరిచూసుకోండి, బ్రాండ్లు కాదు జెనరిక్ పేర్లే వస్తాయి, అవి కూడా అమెరికా పేర్లు. మన పారాసిటమాల్ అక్కడ అసిటమినోఫెన్, సాల్బుటమాల్ అల్బుటెరాల్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, పెథిడిన్ మెపెరిడిన్. ఇంత చిన్నదానికి ఒక ప్రశ్న పోతే కడుపు మండుతుంది.

వర్తించేవన్నీ ఎంచుకోమనే ప్రశ్నల్లో 2023 ఏప్రిల్ నుంచి కరెక్టైనంత వరకు మార్కులు కూడా ఇస్తున్నారు, కానీ తప్పుకి మార్కు కోస్తారు, సున్నా కిందికి మాత్రం పోదు. ఉదాహరణకి ఫ్యూరోసెమైడ్ (ఒంట్లో ఎక్కువైన నీరు మూత్రంలో పంపే మందు) వాడేవాళ్ళకి ఏం చెప్తారు అంటే: రోజూ పొద్దున్నే బరువు చూసుకోమని, రాత్రి పడుకోబోయే ముందు వేసుకోమని, మంచం మీంచి మెల్లగా లేవమని, పొటాషియం ఉండే తిండి మానెయ్యమని, చెవుల్లో హోరు వస్తే చెప్పమని. కరెక్ట్ మూడు: బరువు, మెల్లగా లేవడం, చెవుల్లో హోరు. ఐదూ నొక్కేస్తే మూడులోంచి రెండు పోయి ఒకటే మిగుల్తుంది, తెలిసిన రెండే నొక్కి ఆపితే రెండు వస్తాయి. కాబట్టి ఒక్కో ఆప్షన్‌నీ విడిగా, అవునా కాదా అని తేల్చండి, పక్క ఆప్షన్‌తో పోల్చొద్దు, "ఇన్ని ఉండాలి" అనే లెక్క అసలే వద్దు.

కేస్ స్టడీలు కనీసం మూడొస్తాయి, ఒక్కోదానికి ఆరు ప్రశ్నలు, ఒకే పేషెంట్. నర్సెస్ నోట్స్, వైటల్స్, ల్యాబ్ అని ట్యాబులుంటాయి, అంత మేటర్ చూసి కళ్ళు తిరుగుతాయి. నేను రెండోసారి ఏం చేశానంటే వాళ్ళిచ్చే చెరిపి రాసుకునే బోర్డు మీద మారినవి మాత్రమే రాసుకున్నా, పొద్దున పదికి బీపీ 128/78, రెండింటికి 94/56, పల్స్ 84 నుంచి 122, అంతే, నార్మల్‌గా ఉన్నవాటి జోలికి పోలేదు. ఆ ఆరు ప్రశ్నలూ ఒక వరసలో వస్తాయి, ఏది గమనించావు, దాని అర్థమేంటి, ఏది ముఖ్యం, ఏం చెయ్యొచ్చు, ఏం చేశావు, పనిచేసిందా. తర్వాతి ప్రశ్న తెరిచినప్పుడు కొత్త నోట్ ఏమైనా చేరిందా చూడండి, ముందుది తప్పు పెట్టామని అర్థమైపోయినా దాన్ని అక్కడే వదిలేసి ఇప్పుడున్న సమాచారంతో ఆన్సర్ చెయ్యండి. బో-టై ప్రశ్నలో మధ్య గడిలో జబ్బు, ఎడమవైపు రెండు పనులు, కుడివైపు కనిపెట్టుకుని ఉండాల్సినవి రెండు, మధ్యది తేల్చకుండా పక్కలవి ముట్టుకోవద్దు.

హైదరాబాద్‌లో సెంటర్ ఉంది కాబట్టి చాలామంది అక్కడే రాస్తారు, ఐడీ అంటే పాస్‌పోర్టే, ఆధార్ చూపిస్తే కుదరదు. మన తెలుగువాళ్ళకి ఇంటిపేరు గొడవ ఒకటి, సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరం ఇనీషియల్, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, పెళ్ళయ్యాక ఇంకోటి. రిజిస్ట్రేషన్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, లేకపోతే గేటు దగ్గరే వెనక్కి పంపుతారు, డబ్బులూ పోతాయి. 200 డాలర్ల ఫీజు, బయటి దేశంలో రాస్తున్నందుకు ఇంకో 150 డాలర్లు, మన జీతాలకి అదెంతో మీకు చెప్పక్కర్లేదు. వైజాగ్, తిరుపతి లాంటి దూరాల నుంచి వచ్చేవాళ్ళు ముందురోజే వచ్చి పడుకోండి, రాత్రి బస్సు దిగి నేరుగా హాలుకి వెళ్ళొద్దు. అరచేయి స్కాన్ చేస్తారు, ఫోను సీల్ చేసిన కవర్లో పెట్టేయాలి. ఏసీ చలికి ఫుల్ హ్యాండ్స్ డ్రెస్ వేసుకోండి.

ఇంకోటి, టెలిగ్రామ్‌లో "నిన్న వచ్చిన ప్రశ్నలు" అని అమ్మేవాళ్ళుంటారు, వాటికి డబ్బులు పెట్టకండి. ప్రశ్నలు బయటపెట్టబోమని మనం ఒప్పుకున్నాకే పరీక్ష మొదలవుతుంది, దొరికితే రిజల్ట్ క్యాన్సిల్.

రిజల్ట్ మీరు అప్లై చేసిన అమెరికా స్టేట్ నర్సింగ్ బోర్డు నుంచి వస్తుంది, ఆరు వారాల వరకూ పట్టొచ్చు. ఫెయిలైతే కనీసం 45 రోజులు ఆగాలి, కొత్త పర్మిషన్ వచ్చేసరికి ఇంకా లేటవుతుంది. నేను ఆ గ్యాప్‌లో కొత్త పుస్తకం ఒక్కటీ కొనలేదు. రోజుకి 50 ప్రాక్టీస్ ప్రశ్నలు చేసి, తప్పు పోయిన ప్రతిదానికీ పక్కన ఒక లైను రాసుకున్నా, తెలుగులోనే, "మా వార్డు ఆన్సర్ పెట్టా", "చివరి లైను చదవలా", "నిజంగానే తెలీదు" అని. మొదటి వారంలో నోట్‌బుక్ నిండా "మా వార్డు ఆన్సర్"లే. నెల తిరిగేసరికి "నిజంగానే తెలీదు"లు మిగిలాయి, వాటికోసం మాత్రం చదివా. రెండోసారి 85 దగ్గర స్క్రీన్ ఆగింది.