థర్మోకోల్‌తో హెచ్‌టీ-2 చేద్దాం

పర్లాకిమిడిలో మా బడి పిల్లలతో ఇంజన్ లేకుండా తేలే గ్లైడర్ చేయించాలంటే నేను హెచ్‌టీ-2నే ఎంచుకుంటాను. టైగర్ మాత్ అనే పాత శిక్షణ విమానాల తర్వాత మన కొత్త పైలట్లకి శిక్షణ ఇవ్వడానికి బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో వి.ఎం. ఘాటగే బృందం రూపొందించిన విమానమది. ఒకరి వెనక ఒకరుగా రెండు సీట్లు, ఒంటికి అడుగున రెక్క. తెలుగు పిల్లలైనా ఒడియా పిల్లలైనా, ఇది మనవాళ్లు గీసిన విమానమని తెలిస్తే బ్లేడు పట్టిన చెయ్యి ఇంకాస్త కుదురుగా సాగుతుంది.

అసలు విమానం రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 10.72 మీటర్లు, పొడవు 7.53 మీటర్లు. అందులో 24వ వంతు తీసుకోండి: రెక్క 44.7 సెంటీమీటర్లు, పొడవు 31.4. 5 మిల్లీమీటర్ల షీటు చాలు. రెక్క మొదట్లో 7.5 సెంటీమీటర్ల వెడల్పు, చివర 4.5. తోక రెక్కని కొలతకన్నా కాస్త పెద్దది చేయండి, చిన్న గ్లైడర్ నిలకడగా ఎగరడానికి అది అవసరం. రెక్క అడుగున అగరొత్తి పుల్ల అతికిస్తే విరగదు. ఫెవీక్విక్ జోలికి మాత్రం వెళ్లొద్దు, థర్మోకోల్‌ని తినేస్తుంది. ఫెవికాల్ రాసి రాత్రంతా ఆరనివ్వండి. రెక్క కిందుగా ఉంది కాబట్టి రెండు కొసలూ రెండున్నర సెంటీమీటర్లు పైకి లేవాలి, లేకపోతే పక్కకి ఒరిగి పడిపోతుంది.

ఇక బరువు. అసలు పని ఇక్కడే. రెక్క మొదట్లో, ముందు అంచుకి 2 సెంటీమీటర్ల వెనక రెండు వేళ్ల మీద నిలబెట్టండి, ముక్కు రవ్వంత కిందికి వాలాలి. పిల్లలు ముక్కులో బరువుకి బంకమట్టి పెడతారు. తడిగా ఉన్నప్పుడు సరిగ్గానే తూగుతుంది, తెల్లారేసరికి ఆరి తేలికైపోతుంది. అందుకే వాషర్లు వాడండి. 1951 ఆగస్టులో తొలి హెచ్‌టీ-2 ఎగిరింది 145 హార్స్‌పవర్ జిప్సీ మేజర్ ఇంజన్‌తో. ఇంజన్ మార్చి, 155 హార్స్‌పవర్ సిర్రస్ మేజర్‌తో హెచ్‌టీ-2ని 1952 ఫిబ్రవరిలో ఎగరేసి చూశారు. ముక్కులో ఏది మార్చినా మళ్లీ తూచాల్సిందే.

మహేంద్రతనయ నది ఒడ్డున ఇసుక మెత్తన, పొద్దున్నే గాలీ తక్కువ. గాలికి ఎదురుగా, నేలకి సమాంతరంగా వదలండి, పైకి విసరొద్దు. తోక రెక్క వెనక అంచుకి శుభలేఖ అట్టముక్క అతికించి ఉంచండి. ముక్కు నేలకేస్తే దాన్ని రవ్వంత పైకి వంచండి. పైకి లేచి ఆగి కూలబడితే కిందికి వంచండి, లేదా ఒక వాషరు కలపండి. రెండూ ఒకేసారి చేయొద్దు, ఏది పనిచేసిందో తెలీదు. ఎడమకే తిరుగుతుంటే ముందు రెక్కలో మెలిక ఉందేమో చూసి, ఆ తర్వాతే నిలువు తోక ముట్టుకోండి.